తలుపు మూసి ఇచ్చిన కుర్చీ

ఊరందరి ప్రయాణాలకీ సూట్‌కేసులు చేసిపెట్టే ఫ్యాక్టరీ అది. అలాంటి చోట పనిచేసే హెచ్చార్ పెద్ద మేడమ్ ఉన్నట్టుండి ఉద్యోగం మానేసి వెళ్ళిపోతూ, తన సామానంతా ఒక ప్లాస్టిక్ సంచిలో వేసుకుని వెళ్ళిందట. మంచి సూట్‌కేసు ఒకటి ఇమ్మంటే ఎవరు కాదంటారు? అడగలేదు. అసలు వెళ్తున్నానని ఎవరికీ చెప్పనే లేదట. శనివారం సాయంత్రం అందరూ ఇళ్ళకు పోయే తొందరలో ఉండగా గేటు దాటింది. సోమవారం పొద్దున్న చూస్తే కిటికీ దగ్గరి మొక్క లేదు, బల్ల మీది బిస్కెట్ల డబ్బా లేదు, గది తలుపు బార్లా తెరిచి ఉంది.

అన్నిటికన్నా ఆ తలుపే విడ్డూరంగా తోచింది జనానికి. లోపల మేడమ్ ఉండగా అది తెరిచి ఉండడం చూసినవాళ్ళు ఎవరూ లేరు.

ముందు స్టోరు బాబాయ్ గురించి చెప్పాలి. లేకపోతే ఈ గోలంతా ఎందుకో మీకు బోధపడదు. చక్రాలు, పిడులు, జిప్పులు, తాళాలు, ఏవైనా సరే బాబాయ్ స్టోర్లోంచే బయటికి రావాలి. పేరుపెట్టి ఆయన్ని ఎవరూ పిలవరు. ఆయన కన్నా పెద్దవాళ్ళు కూడా బాబాయ్ అనే అంటారు. మనిషి బంగారం. ఒక్కటే జబ్బు. ఎవరైనా పక్కకు పిలిచి, గొంతు తగ్గించి మాట్లాడితే చాలు, వెన్నలా కరిగిపోతాడు.

మేడమ్‌కి ఆ జబ్బు సంగతి బాగా తెలుసు. అప్పుడప్పుడూ గదికి పిలిపించేది. తలుపు వేసేది. డబ్బా మూత తీసి, తనొక క్రీమ్ బిస్కెట్ తీసుకుని, ఆయనకొకటి ఇచ్చేది. "వెనకాల పెద్ద గోడౌన్ కడుతున్నారు చూడండి బాబాయ్, దాని హెడ్డు కుర్చీలో నేను మిమ్మల్నే చూస్తున్నా. కానీ ఈ మాట మన మధ్యే ఉండనీండి," అనేది. బాబాయ్ బిస్కెట్ నమలడం కూడా మరిచిపోయి తలూపేవాడు. ఆ రోజంతా స్టోర్లో ఎవరేం అడిగినా రెండు ఎక్కువే ఇచ్చేవాడు.

గోడౌన్ పని సాగుతూనే ఉంది. గోడలు లేచాయి, కప్పు పడింది, రంగులు కూడా వేశారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, అందులో తన బల్ల ఏ మూల వేయించుకోవాలో, వెలుతురు ఏ పక్కనుంచి పడాలో బాబాయ్ ఎప్పుడో తేల్చేసుకున్నాడు. పని ఉన్నా లేకపోయినా రోజుకోసారి అటు వెళ్ళి, తాళం వేసిన షట్టరు ముందు నిలబడి వచ్చేవాడు.

ఇంతవరకూ ఎవరికీ నష్టం లేదు. చిక్కల్లా బావమరిదితో వచ్చింది. బాబాయ్ భార్య తమ్ముడు కుళాయిలూ పైపులూ అమ్ముతాడు. ఇప్పుడు ఇంకో వీధిలో రెండో షాపు తెరుస్తున్నాడు. సరుకు తెలిసినవాడు, నమ్మకస్తుడు కావాలని, వచ్చి చూసుకోమని బావగారిని బతిమాలుతున్నాడు. చూడబోతే ఫ్యాక్టరీలో బాబాయ్‌కి ఎదుగూ బొదుగూ లేదు. కిటికీ లేని గది, ఇనుప అరలు, నిచ్చెన ఎక్కీ దిగీ అరిగిన మోకాళ్ళు. వెళ్ళమనే ఇంటావిడ కూడా పోరుతోంది. బాబాయ్ మాత్రం, "కొన్నాళ్ళాగవే, నీకు తెలీదు, లోపల ఒక విషయం నడుస్తోంది," అంటూ వచ్చాడు. ఆ విషయమేమిటో కట్టుకున్న భార్యకు కూడా చెప్పలేదు. మేడమ్‌కి మాటిచ్చాడు మరి!

చివరికి బావమరిదికి విసుగొచ్చింది. "సోమవారం సాయంత్రం వస్తా బావా. అవునో కాదో తేల్చెయ్. కాదంటే ఇంకొకళ్ళని చూసుకుంటా," అన్నాడు. ఆదివారమంతా ఆలోచించి, కాదనే చెప్పేద్దామని బాబాయ్ నిశ్చయించుకున్నాడు. హెడ్డు కుర్చీ ముందు పైపుల షాపు ఏపాటి?

సోమవారం పొద్దున్న గేటు దగ్గర వాచ్‌మన్ ఆపి, "మేడమ్ వెళ్ళిపోయారంట కదా బాబాయ్, ఇంక రారంట," అన్నాడు.

బాబాయ్ గుండె ఆగినంత పనైంది. అయినా నోటంట ఏం వచ్చిందో తెలుసా? "ఆఁ, తెలుసులే," అని వచ్చింది.

ఆయనొక్కడే అయితే ఫర్వాలేదు. ఆ పొద్దున్న ఫ్యాక్టరీ మొత్తంలో తెలియదన్నవాళ్ళు ఒక్కరు కనబడితే ఒట్టు. అందరికీ తెలుసట! ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌ఛార్జి ఒకడున్నాడు, అతను మాట్లాడితే లారీ వెనక్కి వస్తోందేమో అనుకుని జనం పక్కకు తప్పుకుంటారు. అందుకే హారన్ అని పేరు పడింది. అతను స్టోరు కిటికీ దగ్గరికొచ్చి, "నాకు ఎప్పుడో హింట్ ఇచ్చింది బాబాయ్. మనకి అన్నీ తెలుస్తాయి గానీ, బయటికి అనకూడదు," అని అరుస్తూ రహస్యం చెప్పాడు.

"అనకూడదు, అనకూడదు," అన్నాడు బాబాయ్, తనకి కూడా ఏదో తెలిసినట్టు కళ్ళు మూసి తెరుస్తూ.

కారణాల మాటకొస్తే ఎవరికి తోచింది వాళ్ళు వండి వడ్డించారు. ఓనరుతో గొడవపడిందని కుట్టు సెక్షన్ అంది. ఒంట్లో బాగాలేదని పెయింటు సెక్షన్ అంది. పెద్ద కంపెనీ వాళ్ళు కారు పంపించి మరీ తీసుకెళ్ళారని అచ్చులు పోసేవాళ్ళు అన్నారు. కారే పంపిస్తే ప్లాస్టిక్ సంచి దేనికని అడిగినవాడు లేడు. బాబాయ్ అన్నిటికీ చిన్నగా నవ్వి ఊరుకున్నాడు. తెలిసి చెప్పనివాడిలా కనబడాలని ఆయన తాపత్రయం. లోపల మాత్రం వేరే గోల. నాకు చెప్పకుండా వెళ్తుందా? ఆ కుర్చీ మాట ఇంక ఎవరితో ఎత్తేది? మన మధ్యే అన్న మాటకు ఇప్పుడు ఆ రెండో మనిషి లేదు కదా!

మధ్యాహ్నం క్యాంటీన్‌లో గుట్టు రట్టయింది.

రట్టు చేసింది టేపక్క. ప్యాకింగ్ సూపర్‌వైజరు ఆవిడ. గాజుల పక్కన ఎప్పుడూ ఒక టేపు చుట్ట వేళ్ళాడుతూ ఉంటుంది, ఆ పేరు అందుకే. గట్టి మనిషి, పిల్ల పెళ్ళి నాడు అప్పగింతల్లో కూడా ఏడవలేదని చెప్పుకుంటారు. అలాంటిది క్యారియర్ మూత తీసి, అలాగే పట్టుకుని, గుడ్లనీళ్ళు కుక్కుకుంది. బాబాయ్, హారన్ ఆవిడకి ఎదురుగా కూర్చుని ఉన్నారు.

"ఏమైందక్కా?" అన్నాడు హారన్. పక్క బల్లల వాళ్ళు కూడా తలలు తిప్పారు.

"ఏమవుతుందయ్యా, నా కుర్చీ పోయింది."

"ఏ కుర్చీ?" అన్నాడు బాబాయ్.

"ఇంక దాచి ఏం లాభంలే బాబాయ్. పెద్ద గోడౌన్‌కి నన్నే హెడ్డుగా వేస్తానంది మేడమ్. మన మధ్యే ఉండనీ అంది. మా ఆయనకి కూడా చెప్పలేదు నేను."

బాబాయ్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. హారన్ మొహం మాడిపోయింది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, ఇన్నాళ్ళు ఆ మాట ఎలా దాచాడో గానీ, ఇప్పుడు మాత్రం ఆగలేకపోయాడు. "నీకెలా చెప్తుంది? నాకు కదా చెప్పింది!" అని ఒక్క కేక పెట్టాడు.

"నీకా?"

"నాకే. గదికి పిలిచి, తలుపేసి."

టేపక్క కళ్ళు తుడుచుకుంది. "బిస్కెట్ ఇచ్చిందా?"

"ఇచ్చింది."

"మామూలుదా, క్రీముదా?"

"క్రీముదే."

టేపక్క క్యారియర్‌కి మూత ఠపీమని పెట్టేసింది. కుర్చీ పోయినందుకు కంటే ఆ క్రీమ్ బిస్కెట్ ఇంకొకరికి కూడా ఇచ్చినందుకు ఆవిడకి ఎక్కువ బాధ కలిగినట్టుంది. తర్వాత ఇద్దరూ కలిసి బాబాయ్ వైపు తిరిగారు. ఆయన తేలు కుట్టిన దొంగలా క్యారియర్‌లోకి చూస్తున్నాడు.

"బాబాయ్, నీకూనా?"

బాబాయ్ తలూపాడు. పైగా, "నాకు ఒకసారి రెండు ఇచ్చింది," అన్నాడు. ఎందుకన్నాడో! కొంత మర్యాద మిగులుతుందేమోనని అనిపించినట్టుంది పాపం.

హారన్ ముందు నవ్వాడు. ఆ నవ్వుకి క్యాంటీన్ రేకులు అదిరాయి. తర్వాత టేపక్క నవ్వింది. బాబాయ్ నవ్వలేక, ఏడవలేక, చివరికి నవ్వేశాడు.

ఆ నవ్వులో మిగతాది కూడా బయటపడింది. పోయిన ఎండాకాలం బాబాయ్ తన టేబుల్ ఫ్యాను తీసుకెళ్ళి టేపక్కకి ఇచ్చేశాడు. ఎంత మంచి మనసో అని ఫ్యాక్టరీ అంతా మెచ్చుకుంది. మనసూ లేదు గినసూ లేదు. రేపు తన కింద పనిచెయ్యాల్సిన మనిషి కదా, పాపం, ఇప్పట్నుంచే చల్లగా చూసుకుందామనుకున్నాడు. హారన్ వాన వచ్చినప్పుడల్లా బాబాయ్‌ని వ్యాన్లో ఇంటిదగ్గర దింపేవాడు. ముసలాయన, రేపు నా కింద పడి ఎలా నెగ్గుకొస్తాడో అని జాలి. లారీ ఆలస్యమైన రోజుల్లో హారన్ మీద మాట పడకుండా టేపక్క అడ్డం పడేది. ఆవిడదీ జాలే. ఒకరి మీద ఒకరు జాలిపడి పడి, ఆ ముగ్గురూ అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళ కన్నా ఎక్కువగా మెలిగారు. మేడమ్ చేసిన పనిని ఏమనాలో మీరే చెప్పండి.

"అరచేతిలో వైకుంఠం చూపించి పోయిందిరా బాబూ," అంది టేపక్క. "దొరకనీ, మొహం మీదే కడిగేస్తా."

అప్పుడు రిసెప్షన్ అమ్మాయి లేచి వచ్చింది. చివరి బల్ల దగ్గర ఒక్కతే కూర్చుని ఉంది ఇంతసేపూ. "అలా అనకక్కా. శనివారం గేటు దగ్గర నేనే చూశాను. మొక్క ఒక చేతిలో, సంచి ఒక చేతిలో పట్టుకుని ఆటో కోసం నిలబడి ఉన్నారు. ఏంటి మేడమ్ అంటే నవ్వారు. డైరెక్టర్ని చేస్తానని ఓనరు గారు ఆవిడతో ఎప్పట్నుంచో అంటున్నారంట. తలుపేసుకుని, కాఫీ ఇచ్చి. మన మధ్యే ఉండనీ అని. శనివారం మీటింగులో ఆ కుర్చీలో వాళ్ళ అల్లుడు గారు కూర్చున్నారంట. పక్కనున్న ఇద్దరి మొహాలు కూడా మాడిపోయి ఉంటే అప్పుడర్థమైందంట, ఆ కాఫీ తను ఒక్కతే తాగలేదని."

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు.

"ఇంకేమంది?" అన్నాడు బాబాయ్.

"సంచిలోంచి బిస్కెట్ల డబ్బా తీసి నా చేతిలో పెట్టారు. 'నాకేం పెట్టారో అదే నేను మీకు పెట్టానమ్మా, ఏమనుకోకండి,' అన్నారు. ఆటో ఎక్కేశారు."

టేపక్క ఆ మొహం కడిగే ఆలోచన మానుకుంది. "పిచ్చి మొహం, ఒక్క మాట చెప్తే నేనే మంచి అట్టపెట్టె కట్టి ఇచ్చేదాన్ని కదా. ప్లాస్టిక్ సంచి ఏమిటి?" అని విసుక్కుంది. మేడమ్ మీద బాబాయ్‌కి కూడా కోపం నిలవలేదు. కోపం ఉంటే బాగుండేది, దాన్ని పట్టుకుని సాయంత్రం దాకా నడిచేవాడు. ఇప్పుడు ఒకటే మిగిలింది. సాయంత్రం బావమరిది వస్తాడు. కాదని చెప్పడానికి కారణం లేదు. సరే, అవుననే చెప్పేస్తాను, మించిపోయిందేముంది అనుకుంటూ ఇంటికి వెళ్ళాడు.

బావమరిది అప్పటికే వచ్చి కూర్చున్నాడు. ఇంటావిడ తమ్ముడొచ్చాడని ప్లేటు నిండా బిస్కెట్లు పెట్టింది. బాబాయ్ కూర్చోగానే బావమరిది కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. ఒక బిస్కెట్ తీసుకుని, ఇంకొకటి బావగారి చేతిలో పెట్టాడు. గొంతు తగ్గించాడు.

"బావా, కొత్త షాపు నీదే అనుకో. నువ్వు రాజులా కుర్చీలో కూర్చుని అజమాయిషీ చెయ్యి, చాలు. కానీ ఒక్కటి. ఈ మాట మన మధ్యే ఉండనీ. చిన్నబావ చెవిన పడనివ్వకు."

బాబాయ్ చేతిలో బిస్కెట్ వంక చూశాడు. క్రీముదే.

చిన్నబావ అంటే ఇంటావిడ చెల్లెలి మొగుడు, బాబాయ్‌కి తోడల్లుడు. "ఆయన చెవిన పడితే ఏమవుతుందిరా?" అన్నాడు బాబాయ్.

"ఏం కాదు... అంటే, నువ్వు ఎటూ తేల్చడం లేదు కదా అని, ఆయన్ని కూడా ఒక మాట అడిగి ఉంచా."

"ఏమని?"

"ఇలాగే."

"రాజులా కూర్చోమనేనా?"

బావమరిది ప్లేటులోకి చూశాడు. బాబాయ్ గొంతు తన ప్రమేయం లేకుండానే పెరిగింది. "బిస్కెట్ ఇచ్చావా?"

"మధ్యలో ఈ బిస్కెట్ల గోలేమిటండీ? పెట్టింది నేను," అంది ఇంటావిడ.

"నువ్వుండవే. ఒరేయ్, అక్క ఇక్కడే ఉంది. మీ చిన్నక్కకీ చిన్నబావకీ ఫోను చేసి, ఈ మాటే అందరూ వినేట్టు చెప్పు. నేను రేపే వస్తా."

బావమరిది లేచి నిలబడ్డాడు. మా ఇంటి అల్లుడివి కదా అని గౌరవం ఇస్తే ఇలాగేనా మాట్లాడేది అన్నాడు. నీ ఇష్టం బావా అన్నాడు. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఇంటావిడ తమ్ముణ్ణి తిట్టాలా, మొగుణ్ణి తిట్టాలా అని కాసేపు ఆలోచించి, ఇద్దరినీ తిట్టింది. పొద్దున్న ఒక కుర్చీ పోయింది, సాయంత్రానికి ఇంకో కుర్చీ పోయింది. ఆశ లావు పీక సన్నం అని ఊరికే అన్నారా!

మర్నాడు కొత్త హెచ్చార్ సారు వచ్చాడు. హెడ్డాఫీసు నుంచి పంపారు. కుర్రవాడే, ఇస్త్రీ మడత నలగని చొక్కా, బంగారు రంగు ఫ్రేము కళ్ళద్దాలు. వచ్చీరాగానే బాబాయ్‌ని పిలిపించాడు. బాబాయ్ గదిలోకి వెళ్ళగానే లేచి, తలుపు దగ్గరికి వచ్చి, మెల్లగా మూశాడు. డబ్బా లేదు గానీ టీ తెప్పించాడు.

"పెద్ద గోడౌన్ ఫైలు చూశానండి. అనుభవం అంటే మీదే. చక్రం సైజు చూడకుండా చెప్పేస్తారటగా! నిజం చెప్పాలంటే నా దృష్టిలో మీరే ఉన్నారు."

నిన్నంతా అంత జరిగిందా? టేపక్కతో కలిసి అంత నవ్వాడా? అయినా సరే, బాబాయ్ గుండె ఒక్కసారి ఎగిరింది. ఈసారి నిజమేమో. ఈయన చదువుకున్నవాడు, కొత్తవాడు, అబద్ధం ఎందుకు చెప్తాడు? నమ్మాలని ఉంది ఆయనకి. ఎంత ఉందంటే, గోడౌన్‌లో ఆ మూల తన బల్ల మళ్ళీ వేసేసుకున్నాడు. పైపుల షాపు ఎలాగూ చెయ్యి జారింది, ఇంక ఉన్నది ఈ కుర్చీ ఒక్కటే.

"కాకపోతే, ఈ విషయం ప్రస్తుతానికి మన మధ్యే..."

బాబాయ్ కప్పు బల్ల మీద పెట్టేశాడు. లేచి వెళ్ళి తలుపు తెరిచాడు. బయట బెంచీ మీద టేపక్కా హారనూ పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. వాళ్ళకీ కబురొచ్చింది, పిలుపు కోసం చూస్తున్నారు. ఇద్దరి మొహాల్లోనూ అదే ఆశ. ఆ మొహాలు చూడగానే, తన మొహం కూడా ఇందాక ఇలాగే ఉండి ఉంటుందని తెలిసి బాబాయ్‌కి సిగ్గేసింది.

"రండి లోపలికి. సారు ఒక మాట చెప్తారట," అన్నాడు. తర్వాత వెనక్కి తిరిగాడు. "సార్, తప్పుగా అనుకోకండి. తలుపేసి చెప్పిన మాటలు విని విని మా చెవులు తూట్లు పడ్డాయి. ఆ కుర్చీ ఎవరికో ముగ్గురికీ కలిపి ఒక్కసారే చెప్పెయ్యండి. కాదంటే కాదనండి. అరిగించుకుంటాం."

సారు కళ్ళద్దాలు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. తలుపు వంక చూశాడు. అది మూసుకునే సూచన కనబడలేదు. పైగా హారన్ తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఇంకా సంతకం కాలేదు... కానీ ప్యాకింగ్ సూపర్‌వైజరు గారికే అనుకుంటున్నాం," అన్నాడు చివరికి.

టేపక్క చేతి టేపు జారి కింద పడి, దొర్లుకుంటూ బల్ల కిందికి పోయింది.

"మరి నాకు?" అన్నాడు బాబాయ్.

"మీకు తర్వాత తప్పకుండా..."

"తర్వాత ఏమిటో చెప్పండి సార్."

సారు ఈసారి బాబాయ్ కళ్ళలోకి చూశాడు. గొంతులోంచి ఆ మెత్తదనం పోయింది. "తర్వాత ఏమీ లేదండి. మీ స్టోరు మీకుంటుంది. అంతే."

బాధ కలగలేదని చెప్తే అది పచ్చి అబద్ధం. కత్తితో కోసినట్టే అయింది. ఇన్నాళ్ళు బల్ల వేసుకున్న ఆ మూల, ఆ వెలుతురు, అన్నీ ఒక్క మాటతో ఖాళీ అయిపోయాయి. కానీ అదే మాట ఎప్పుడో చెప్పి ఉంటే ఇన్నాళ్ళు ఆ షట్టరు ముందు కాపలా కాసేవాడు కాదు కదా అని కూడా తోచింది. "మంచిది సార్," అని దణ్ణం పెట్టి బయటికొచ్చాడు. హారన్‌కి వేరే చెప్పనక్కర్లేకపోయింది, అతను కూడా వెనకే వచ్చేశాడు. కారిడార్ చివరిదాకా ఇద్దరూ కలిసే నడిచారు. ఆ దూరం అంతా హారన్ ఒక్క ముక్క మాట్లాడకపోవడం అందరూ విన్నారు.

కాసేపటికి టేపక్క స్టోరు దగ్గరికొచ్చింది. చంకలో టేబుల్ ఫ్యాను.

"ఇదిగో బాబాయ్, నీ ఫ్యాను నువ్వు తీసుకో. నాకేం బాగాలేదు."

"ఉంచుకో. ఇప్పుడు నిజంగానే నువ్వు పెద్దదానివయ్యావు. మా మీద జాలిపడే వంతు నీదే, ధైర్యంగా పడు."

"నిన్ను చూసి జాలి పడమంటావా? ఆ తలుపు తీసే కాస్త పనీ ఎవరైనా ఎప్పుడో చేసుంటే మేడమ్ కూడా ఇక్కడే ఉండేదేమో," అంది టేపక్క. ఫ్యాను కిటికీలో పెట్టేసి, చీర కొంగు ముక్కుకి అద్దుకుంటూ వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇంట్లో అడుగు పెట్టగానే ఇంటావిడ ఎదురొచ్చింది. "ఇవాళైనా చెప్తారా, లోపల ఏదో నడుస్తోందన్నారే, అదేమైందో?"

బాబాయ్ మంచం మీద కూర్చుని మొత్తం చెప్పాడు. మేడమ్ ఇచ్చిన మొదటి బిస్కెట్ దగ్గర్నుంచి ఇవాళ తలుపు తీసిందాకా, ఏదీ దాచకుండా. ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాకుండా వింది, అదే ఒక వింత.

"అయితే ఇవ్వనని మొహం మీదే చెప్పారా?"

"ఊఁ. అందరి ముందూ."

"పోనీలెండి. ఆ ఫ్యాక్టరీ నుంచి ఇన్నాళ్ళకి ఒక నిజం మాట ఇంటికి తెచ్చారు," అంది. అని, ఆయన మోకాళ్ళకి రాయడానికి నూనె సీసా తెచ్చింది. బాబాయ్‌కి ఒక్కసారిగా కళ్ళు చెమర్చాయి, నూనె ఘాటు అని చెప్పుకున్నాడు.

నూనె రాస్తుండగా ఫోను మోగింది. బావమరిది. ఇంటావిడ చెయ్యి తుడుచుకుని స్పీకర్ నొక్కింది. అవతల ఎవరో దగ్గారు, ఎవరో చిన్నగా నవ్వారు, ఒక ఆడగొంతు "చెప్పరా" అంది.

"అక్కా, బావ ఉన్నాడా? చిన్నక్కా చిన్నబావా ఇక్కడే ఉన్నారు, వింటున్నారు. కొత్త షాపులోకి బావనే రమ్మంటున్నా. చిన్నబావకి చెప్పేశాను, ఆయన సరేనన్నాడు. కానీ అందరి ముందూ చెప్పమని బావ అన్నాడు కదా, అందుకని ఉన్నదున్నట్టు చెప్తున్నా. అది బారెడు షాపు. లోపల పైపులు పెడితే కుర్చీ వెయ్యడానికి చోటే లేదు. పొద్దస్తమానం కౌంటరు దగ్గర నిలబడాలి. పెత్తనం నాది. నిన్న రాజూ గీజూ అన్నానే, అదంతా ఉత్తిదే. ఇష్టమైతే రమ్మను."

ఇంటావిడ చప్పున ఫోను మీద చెయ్యి పెట్టింది. ఆవిడ మొహం కందగడ్డలా అయింది. "విన్నారా వాడి మాటలు! సొంత బావకి కుర్చీ కూడా లేదంటాడా? వెధవ!"

చూస్తే బాబాయ్ భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమో అని ఆవిడ హడలిపోయింది. కాదు, నవ్వుతున్నాడు. నిన్న క్యాంటీన్‌లో నవ్విన నవ్వు కాదది.

"చెయ్యి తియ్యవే," అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ. "ఇంకోసారి చెప్పమను."

"ఏమని?"

"ఆ కుర్చీ లేదన్న ముక్క."